కలెక్టరు పరుగెత్తని శనివారం

సువార్తమ్మ నాకు ఫోన్ చేసిందంటే ఏదో బాగాలేదని అర్థం. బాగున్న రోజుల్లో ఆమె ఎవరికీ ఫోన్ చేసే మనిషి కాదు. "రంగన్నా, ఈయప్ప నిన్ను చూడల్లంటాండాడు. తీరిక చేసుకోని ఒకసారి రాన్నా" అంది. మాబాషా పోయినప్పుడు ఆమే ఫోన్ చేసింది, మద్దిలేటి పోయినప్పుడూ ఆమే. మా నలుగురు స్నేహితుల్లో ఇద్దరి చావు కబుర్లు ఆమె గొంతులోనే విన్నాను. మిగిలింది నేనూ, ఆమె మొగుడు రత్నమూ. అందుకని ఆమె పేరు ఫోన్‌లో కనబడితే నాకు కాసేపటిదాకా ఎత్తబుద్ధి కాదు. ఆ రోజు మాత్రం రెండో రింగుకే ఎత్తాను, ఎందుకో తెలియదు.

మరుసటి రోజు పొద్దున కర్నూలు పాత బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కి కల్లూరు పోయాను. కండక్టరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి, ఆటోలో మనుషుల్ని ఎలా కుక్కుతున్నాడో చూస్తే ఇప్పటికీ నాకు చేతులు దురద పెడతాయి. ఇండస్ట్రియల్ ఎస్టేటు మలుపులో దిగాను. ఒకప్పుడు ఆ రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్లను పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు వరసగా ఉండేవి. ఇప్పుడు సగం గేట్లకు తుప్పు పట్టింది. కొన్నిటి లోపల కొత్త ఇళ్లు లేచాయి. మేము శనివారం శనివారం కూర్చున్న బ్రాందీ షాపు జాగాలో మూడంతస్తుల టైల్స్ దుకాణం కట్టారు, అద్దాల వెనక దీపాలు పెట్టి టైల్స్‌ను నిలబెట్టారు. బేతంచెర్ల రాయిని మెరిపించడానికి మా వయసంతా ధారపోశాం. ఇప్పుడు ఆ రాయిని పశువుల కొట్టంలో పరవడానికి కూడా ఎవరూ అడగడం లేదట. దుకాణం వాచ్‌మన్ నన్ను చూసి "టైల్స్ గావల్నా పెద్దాయనా?" అని అడిగితే వద్దని చెప్పి నడిచాను.

మేము పనిచేసిన ఫ్యాక్టరీలో నేను కటింగులో ఉండేవాణ్ణి, రత్నం పాలిష్‌లో, మాబాషా అంచులు కోసే చిన్న మిషను దగ్గర, మద్దిలేటి లోడింగులో. రాయిని కోసేటప్పుడు నీళ్లు పోస్తారు కాబట్టి అప్పటికి బురదే. ఆ బురద ఆరితే పిండి అవుతుంది, ఆ పిండి గాలిలో లేచి మనిషిలోకి పోతుంది. అంచులు కోసే దగ్గరైతే నీళ్లు కూడా ఉండేవి కావు, మాబాషా పొగలో నిలబడినట్టు కనిపించేవాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాళ్లం. సాయంత్రం విప్పితే తువ్వాలు ఎంత తెల్లగా ఉండేదో దాని వెనక మీసమూ అంతే తెల్లగా ఉండేది. ఇరవై ఏళ్ల వాళ్లం ముసలివాళ్ల వేషం కట్టినట్టు ఒకర్నొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

మా అమ్మ ఆ దుమ్ముతో నన్ను గడప దాటనిచ్చేది కాదు. వాకిట్లో నీళ్లతొట్టి పక్కన నిలబెట్టి చెంబుతో పోసేది, తల మీద, వీపు మీద, చెవుల్లో. ఆ నీళ్లు పారిన చోట మా వాకిలి గచ్చు వేసినట్టు గట్టిపడింది. లోపల జొన్నరొట్టె కాలుతున్న వాసన, చెనిక్కాయలు దంచిన ఊరిబిండి పచ్చడి వాసన వస్తుండేవి. ఆకలికి ప్రాణం లాగుతున్నా ఆమె పోయడం ఆపేదాకా కదలడానికి లేదు. మా నాయన అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ "రాయి కొట్టేటోనికి నీళ్లెందుకే, ఉలి దెచ్చి చెక్కు" అనేవాడు. ఆయనకు నా ఉద్యోగం అంటే మొదటి నుంచీ గిట్టదు. బస్సు డ్రైవరో కండక్టరో అయితే ఖాకీ బట్టలుంటాయని ఆయన ఆశ.

శనివారం మాత్రం ఈ ఏర్పాటు తలకిందులయ్యేది. శనివారం మా నాయన మద్దిలేటిస్వామికి ఒక్కపొద్దు ఉండేవాడు, ఇంట్లో ఉల్లిగడ్డ కూడా తరిగేవారు కాదు. నేనేమో బోటీ తిని, బ్రాందీ తాగి వచ్చేవాణ్ణి. తలుపు తీసే ప్రశ్నే లేదు. వాకిట్లో మంచం వేసి, దాని మీద దుప్పటి మడిచి, పక్కన నీళ్ల చెంబు పెట్టి ఉంచేది అమ్మ. తిట్లు కూడా ఉండేవి కావు, వాళ్లు ఆ రోజు తిట్టరు, అదీ ఒక్కపొద్దులో భాగమే. రత్నం ఇంట్లో ఇంకో తీరు. వాళ్ల నాయన చర్చిలో సంఘపెద్ద. కొడుకు ఇంటికి రాగానే దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టి దీవించేవాడు. దీవెన కన్నా వంగి నోటి వాసన చూడటమే అసలు పని అని రత్నం చెప్పేవాడు. అందుకని శనివారాల్లో రత్నం జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది, దీవెన తీసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. "మా నాయన ప్రార్థన పెద్దది రా, సచ్చిపోతానేమో అనిపిస్తాది" అని మరుసటి వారం వచ్చి నటించి చూపించేవాడు.

బ్రాందీ షాపు వెనక రేకుల కొట్టం ఉండేది. శనివారం వారం కూలి బటవాడా కాగానే, ఎండ తగ్గేలోపల అక్కడికి చేరేవాళ్లం. కొట్టం పక్కనే ఖాసింబీ పెద్ద పెనం పెట్టుకుని బోటీ వేయించేది. ఆ బోటీ వాసన ఎస్టేటు ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టేది. మనుషులకంటే ముందు కుక్కలు వచ్చేవి. కొట్టం అవతల ఫ్యాక్టరీల వాళ్లు తుక్కు రాళ్లు పారబోసే ఖాళీ జాగా, ఆ రాళ్ల కుప్పల మీద అవి వరసగా కూర్చుని ఖాసింబీ గరిటెనే చూస్తుండేవి. ఖాసింబీ మొగుడు లేని మనిషి. నోరు పెద్దది. మమ్మల్ని "ఏమప్పా" అనీ, కుక్కల్ని "నాయనా" అనీ పిలిచేది. మేము అలిగితే "వాటికి మీకన్నా సిగ్గు ఎక్కువుండాది" అనేది.

పందెం ఆలోచన మాబాషాది. వాళ్ల అమ్మగారి ఊర్లో ఉరుసుకు కుక్కల పందేలు పెడతారట. నడుము పిడికిట్లో పట్టేంత సన్నని వేటకుక్కలు, పొట్ట వీపుకు అంటుకుని ఉంటుంది, వదిలితే కంటికి ఆనవు. వాటిని పెంచే ఆసాములు గుడ్లూ పాలూ పోసి పెంచుతారు, రోజూ కాళ్లకు నూనె రాస్తారు. ఈ సంగతి మాబాషా ఆ రోజు ఎంత గొప్పగా చెప్పాడంటే వినీ వినీ రత్నానికి పౌరుషం వచ్చింది. "మన ఎస్టేటు కుక్కలకేం తక్కువప్పా? నూనె ల్యాకుండానే బతుకుతాండాయి" అన్నాడు. అలా మొదలైంది. రాళ్ల కుప్ప దగ్గర నలుగురం నాలుగు కుక్కల్ని మెడ పట్టుకుని నిలబడటం, ఖాసింబీ గరిటెతో పెనం మీద టంగుమని కొట్టి ఒక ఎముకను పైకెత్తి చూపడం, మేము వదలడం. మొదట చేరిన కుక్కకు ఎముక.

ఆ కుక్కలకు పేర్లు పెట్టాం. నాది గోధుమరంగు కుక్క, ఎవరు పెట్టినా తినేది, ఎవరు పిలిచినా కదిలేది కాదు. దాని పేరు గవర్నమెంటు. మాబాషా కుక్క ఊరికే గుర్రుమనేది, కరిచేది కాదు, అది హెడ్మాస్టరు. మద్దిలేటి కుక్కకు మెడ చుట్టూ పసుపు మచ్చ ఉండేది, అది పెండ్లికొడుకు. రత్నం కుక్క నల్లగా, పొడుగ్గా, ఛాతీ విరుచుకుని ఉండేది. మేము పోయి పిలిస్తే తల తిప్పేది కాదు, దాని ఇష్టం వచ్చినప్పుడు లేచేది. అదే కలెక్టరు. లేచిందంటే మాత్రం మిగతా మూడింటికి దాని తోక కూడా అందేది కాదు. డబ్బు పందెం మాకు తోచలేదు, తోచినా మా దగ్గర లేదు. ఓడిన కుక్క పేరు ఆ వారమంతా దాని మనిషికి అంటుకోవాలి, అదీ పందెం. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరూ వాణ్ణి సొంత పేరుతో పిలవకూడదు. ఎక్కువ వారాలు నేనే గవర్నమెంటును. ఈ సంగతి సూపర్‌వైజరుకు కూడా తెలిసి "ఏం గవర్నమెంటూ, పని జేస్తాండావా, పండుకుంటాండావా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఒకసారి మద్దిలేటి తన నిజం పెళ్లి వారంలోనే ఓడిపోయాడు. పందిట్లో పెండ్లికొడుకు యాడ అని ఎవరో అడిగితే మాబాషా మెడ పట్టుకుని కుక్కను తెచ్చి నిలబెట్టాడు. ఆడపెళ్లివాళ్లు మొదట కోపం చేసుకుని తర్వాత నవ్వారు. ఇప్పుడు ఆ పందిట్లో నవ్విన వాళ్లలో ఎంతమంది మిగిలారో లెక్క చూడటానికి నాకు ధైర్యం లేదు.

కొన్నాళ్లకు ఈ ఆటలోకి ఇంకోటి వచ్చి చేరింది. మాలో ఎవరికైనా తేలని సంగతి ఉంటే దాన్ని కుక్క మీద పెట్టేవాళ్లం. కుక్క తల మీద చెయ్యి వేసి అందరూ వినేలా చెప్పాలి. ఇది గెలిస్తే ఫలానా పని చేస్తాను, లేకుంటే చెయ్యను. తర్వాత వెనక్కి పోవడానికి లేదు, ఒకసారి పెట్టిన మాటను మళ్లీ పెట్టడానికీ లేదు. మాబాషా తన మీసం సంగతి అలాగే పెట్టి గెలిచి, తీయించుకుంటే వాళ్లమ్మ రెండు రోజులు ముఖం చూడలేదు. మద్దిలేటి పెళ్లి సంబంధం అలా తేలిందే. కండక్టరు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాలా వద్దా అని నేనూ పెట్టాను. ఆ రోజు మిగతా మూడు కుక్కలూ మధ్యలో కొట్లాటకు దిగితే గవర్నమెంటు నడుచుకుంటూ పోయి ఎముక అందుకుంది. నా జీవితానికి ఇంతకన్నా పెద్ద పునాది లేదు. నవ్వులాటగా మొదలైన దాన్ని మేము నిజంగానే నమ్మసాగాం. మమ్మల్ని ఏదీ అడగని లోకంలో, మా సంగతులకు కాస్త పరుగెత్తేవి ఆ కుక్కలే.

అప్పటికే రత్నం దగ్గుతున్నాడు. మొదట్లో మేమంతా దగ్గేవాళ్లమే, ఆదివారం ఒక్కరోజు తగ్గేది. రత్నానికి ఆదివారం కూడా తగ్గడం మానేసింది. పాలిష్‌లో అతనికి పని నేర్పిన మేస్త్రీ అంతకు ముందే చచ్చిపోయాడు, టీబీ అన్నారు. టీబీ మందులు నెలల తరబడి మింగినా ఎముకల గూడు అయ్యాడు. సువార్తమ్మ ఆ మేస్త్రీ శవాన్ని చూసి వచ్చింది. ఆమె అన్న యోహాను బనగానపల్లె దగ్గర మామిడితోట గుత్తకు తీసుకున్నాడు. నమ్మకమైన మనిషి కావాలి, ఉండటానికి తోటలోనే ఇల్లు ఉంది, పూత వచ్చేలోపల రమ్మని కబురు పెట్టాడు. రత్నం అవునూ అనడు, కాదూ అనడు. పెండ్లాం వాళ్లన్న పంచన బతకాలా అనేవాడు ఒకరోజు. తోటలో పాములుంటాయి అనేవాడు ఇంకోరోజు.

ఒక మధ్యాహ్నం సువార్తమ్మ అన్నం క్యారియరు ఇవ్వడానికి వచ్చి గేటు దగ్గర నన్ను పిలిచింది. బ్రాందీ షాపు పేరెత్తితే ముఖం పక్కకు తిప్పుకునే మనిషి ఆమె. కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ మాట్లాడింది.

"రంగన్నా, నా మాట ఇనడు, వాళ్ల నాయన మాట ఇనడు. మీ కుక్కల మాటైతే ఇంటాడంట గదా. ఈ సంగతి ఆ కుక్క మీద పెట్టమని చెప్పన్నా."

"నువ్వు చెప్తాండావా ఈ మాట?" అన్నాను.

"దేవుడు ఎవరి నోట చెప్పిస్తాడో ఆయన ఇష్టం. బైబిల్లో బిలాము గాడిద మాట్లాడలేదా?" అంది. ఆమె నవ్వలేదు. "శనివారం నేను ఉపాసముండి ప్రార్థన చేసుకుంటా. మీరు పెట్టండి."

నేను చెబితే రత్నం పాలిష్ మిషను ఆపి తువ్వాలు విప్పి దులుపుకున్నాడు. తర్వాత "సరే, పెడదాం" అన్నాడు. ఆ వారమంతా మేము ముగ్గురం దొంగల్లాగా గుసగుసలాడుకున్నాం. కలెక్టరు ఎలాగూ గెలుస్తుంది, కానీ కుక్క కుక్కే, ఒక్కోసారి దానికి లేవబుద్ధి కాదు. రత్నం బతుకు సంగతి అదృష్టానికి వదలకూడదని మాబాషా అన్నాడు. మిగతా మూడు కుక్కలకూ ముందే కడుపు పగిలేలా పెట్టేద్దామని మద్దిలేటి అన్నాడు. తిన్న కుక్క పరుగెత్తదు. కలెక్టరు ఊరికే నడిచి పోయినా గెలుస్తుంది. రత్నం వెళ్లిపోతే శనివారాలు ఎలా ఉంటాయో ముగ్గురికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎవరం ఎత్తలేదు.

ఆ శనివారం ముందుగా పోయి ఖాసింబీ దగ్గర బోటీ పెద్ద ఆకులో కట్టించుకుని రాళ్ల కుప్ప వెనక మూడు కుక్కలకూ వడ్డించాం. గవర్నమెంటు అడక్కుండానే తిన్నది. పెండ్లికొడుకు ఆకు కూడా నాకింది. హెడ్మాస్టరు మాత్రం ఏదో కుట్ర ఉందన్నట్టు మమ్మల్ని చూసి గుర్రుమంటూ నిలబడింది. మాబాషా దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, తినరా నాయనా, నీకు పుణ్యముంటాదని బతిమాలి తినిపించాడు.

"ఏమప్పా, ఈ పొద్దు కుక్కలకి పెండ్లి బోజనమా?" అని ఖాసింబీ అరిచింది.

రత్నం కాస్త ఆలస్యంగా వచ్చాడు. కలెక్టరు వెనకే వచ్చింది. అతను పోయిన పండక్కి కుట్టించుకున్న చొక్కా వేసుకున్నాడు. నలుగురం రాళ్ల దగ్గర నిలబడ్డాం. షాపులో తాగుతున్నవాళ్లు కూడా గ్లాసులతో బయటికి వచ్చారు, సంగతి అప్పటికే పాకింది. రత్నం కుక్క తల మీద చెయ్యి వేశాడు. "ఇది గెలిస్తే సోమారం నుంచి నేను ఫ్యాక్టరీకి రాను. పెండ్లాన్ని తీసుకోని బనగానపల్లెకి పోతా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఖాసింబీ పెనం మీద కొట్టింది. ఎముక పైకెత్తింది.

ఏ కుక్కా పరుగెత్తలేదు. గవర్నమెంటు ఆవులించింది. పెండ్లికొడుకు నా కాళ్ల మధ్య చుట్ట చుట్టుకుంది. హెడ్మాస్టరు రెండు అడుగులు వేసి, ఆలోచించి, కూర్చుంది. మేము ముగ్గురం కలెక్టరునే చూస్తున్నాం. అది ఎముక వైపు చూసింది, రత్నం వైపు చూసింది, నాలుగు కాళ్లూ చాపి పొట్ట నేలకు ఆనించి పడుకుంది. ఖాసింబీ మళ్లీ కొట్టింది, ఇంకా గట్టిగా కొట్టింది. గరిటె వంగింది గానీ కుక్కలు లేవలేదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. మాకూ ఆగలేదు. ఒకడి మీద ఒకడు పడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది రత్నం. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, రాళ్ల కుప్ప పట్టుకుని వంగిపోయినా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వచ్చే వారం మళ్లీ పెడదామని నేనన్నాను. దారిలో కలెక్టరు ఏ చెత్తకుండీలోనో తిని ఉంటుందిలే అని మాబాషా అన్నాడు. రత్నం తువ్వాలుతో నోరు తుడుచుకుని "పెట్టిన మాట మల్లా పెట్టేది ల్యా. కట్టుబాటంటే కట్టుబాటే" అన్నాడు. సొంత బతుకు మీదికి వచ్చినా మాట తప్పలేదని మేము అతణ్ణి ఆ రోజు చాలా గౌరవించాం. కనీసం నేను గౌరవించాను.

సువార్తమ్మకు మేము దాచలేదు. మరుసటి రోజు చర్చి నుంచి వస్తుంటే ముగ్గురం ఎదురుపోయి మా మూడు కుక్కలకూ మేమే పెట్టామని ఒప్పుకున్నాం. ఆమె శాంతంగా విన్నది. "మీ కుక్కలు తిన్యాయి, పండుకున్యాయి. ఆయప్ప కుక్క తినలేదు గదన్నా. తినని కుక్కని పండబెట్టింది ఎవరు?" అంది. "దేవుడే వద్దన్యాడు. ఇంగ మనమేం జేస్తాం" అని బైబిలు చంకలో పెట్టుకుని పోయింది. యోహాను పూత దాకా చూసి ఇంకెవరినో పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు నాకు కండక్టరు ఉద్యోగం వచ్చింది. మా నాయన ఖాకీ చొక్కాకు తానే బొత్తాలు కుట్టాడు. నేను దుమ్ములోంచి బయటపడ్డాను, మిగతా ముగ్గురూ పడలేదు. కొన్నాళ్లు శనివారాలకు వచ్చేవాణ్ణి, డ్యూటీలు మారి అదీ తగ్గింది. తర్వాత మాబాషా పోయాడు, దుమ్ము వల్లనే. తర్వాత మద్దిలేటి. రత్నం ఆయాసంతో మిషను పట్టుకోలేని రోజు దాకా పాలిష్‌లోనే ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని గట్టిపడిందనీ, దానికి మందు లేదనీ డాక్టరు చెప్పేసరికి అతని వయసు సగం అక్కడే అయిపోయింది.

రత్నం ఇంటికే నేను ఆ పొద్దున పోయాను. వాళ్ల కొడుకు షేర్ ఆటో తోలడానికి వెళ్లాడు. ముందు గదిలో మంచం, పక్కన ఆక్సిజన్ మిషను గుర్రున మోగుతోంది. కరెంటు పోతే వాడటానికి మూలన సిలిండరు. రత్నం ముక్కుకు గొట్టాలు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. సువార్తమ్మ కుర్చీ వేసి, టీ పెడతానని వంటింట్లోకి పోయింది. ఏవేవో మాట్లాడుకున్నాం. అతను ఒక మాట అని, ఊపిరి పోగుచేసుకుని, ఇంకో మాట అంటాడు. ఆ ఖాళీల్లో ఏం చెయ్యాలో నాకు తోచక మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.

"రంగా. ఆ పొద్దు నేను గూడా పెట్టినా."

"ఏం పెట్టినావు?"

"కలెక్టరుకి. బోటీ. ఇంటికాడ్నే, సువార్త చర్చికి పోయినప్పుడు, కడుపునిండా పెట్టి తోలుకొచ్చినా."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. చావబోతున్న మనిషి మీద అంత కోపం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. "ఎందుకురా?" అన్నాను. "పోవడం ఇష్టం లేకపోతే లేదని చెప్తే అయిపోయేదిగా. ఆడ మంచి గాలి ఉండె. బతికుందువు."

"ఆడ శనివారం యాడుంటాది?" అన్నాడు.

చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "సువార్తకి పోనని చెప్పలేకపోతి. నా మంచికే గదా అడుగుతాండె. మామిడి చెట్ల కింద ఒక్కణ్ణే కూచోని ఎవరితో నవ్వల్లప్పా? ఊపిరి ఇట్లయితాదని అప్పుడు నాకేం తెలుసు. మీతో నగేది ఒక్కటే తెలుసు."

ఆ శనివారాలే లేకుంటే ఆ రోజుల్ని ఎలా దాటేవాళ్లమో అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇప్పటి పిల్లలకు అలాంటి స్నేహాలు లేవని నా కొడుకు దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ మంచే ఒక మనిషిని దుమ్ములో కట్టేసిందని ఇప్పుడు తెలిసింది. అతని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, తేలిగ్గా ఉంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. తల ఎత్తితే సువార్తమ్మ రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. లోపలికి వచ్చి నాకు టీ ఇచ్చింది. రత్నం తల పైకెత్తి దిండు సర్దింది, జారిన గొట్టాన్ని చెవి వెనక్కి తోసింది, గ్లాసులో టీ చెంచాతో కొంచెం కొంచెం తాగించింది. అతను ఆమె ముఖం చూడలేదు.

నేను లేచాక ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా నాతో వచ్చింది. మలుపు దగ్గర నిలబడ్డాం. ఆటోలు నిండుగా పోతున్నాయి.

"తినని కుక్కని దేవుడే పండబెట్టినాడనుకుంటినన్నా" అంది. "ఒకసారి వద్దని చెప్పినంక మల్లా అడిగేది మర్యాద గాదనుకుంటి. ఆ పొద్దునుంచి చర్చికి పోతి, పాటలు పాడితి, ఆయన్ని ఏమీ అడగల్యా. పిల్లోనికి కామెర్లొచ్చినా అడగల్యా. ఈయప్పకి ఊపిరాడకపోయినా అడగల్యా. ఆయనేమో వద్దననే లేదు."

"ఇప్పుడన్నా అడుగమ్మా" అన్నాను.

ఆమె ఇంటి వైపు చూసింది. ఆక్సిజన్ మిషను మోత అంత దూరానికి రాదు గానీ, నా చెవుల్లో ఇంకా మోగుతోంది.

"ఏమని అడగల్లన్నా?" అంది.